నాసిక్ ద్రాక్ష తోటల దారుల్లో రోడ్ సైక్లింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

నాసిక్‌కు పడమర, ఉత్తరాన గంగాపూర్, దిండోరి వైపు మెల్లగా లేచి దిగే ద్రాక్ష గుట్టలు. తూర్పున నిఫాడ్ వైపు చాప పరిచినట్టున్న నల్లరేగడి మైదానం. రోడ్ బైక్ (సన్న టైర్ల సైకిల్) ఉంటే ఒక్క పూటలో రెండూ తిరిగి రావచ్చు. అయితే ఇక్కడ మ్యాప్ కన్నా ముందు చూసుకోవాల్సింది పంటల క్యాలెండర్. తోటలు ఎప్పుడు కత్తిరిస్తారు, ఎప్పుడు మందు కొడతారు, ఉల్లి ఎప్పుడు మార్కెట్‌కు కదులుతుంది అన్నవి తెలిస్తే రోడ్డు మీద వచ్చే ఇబ్బందుల్లో సగం ముందే తప్పించుకోవచ్చు.

ఏ నెలల్లో రావాలి?

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా. అందులోనూ జనవరి నెలాఖరు, ఫిబ్రవరి మొదటి సగం మంచివి.

ఇక్కడ ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో చేసేది తీగను తయారుచేసుకోవడానికి, అక్టోబరు అటూ ఇటూగా చేసేది పంట కోసం. కోత జనవరిలో మొదలై మార్చి దాటేదాకా సాగుతుంది. ఏప్రిల్ నెలాఖర్లో వచ్చి "తోటలేవీ?" అని అడిగితే చూపించడానికి మోడులు తప్ప ఏమీ ఉండవు.

డిసెంబరు, జనవరిలో చలి గట్టిగానే ఉంటుంది. నాసిక్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. నిఫాడ్ మైదానంలో కొన్ని రాత్రులు 5 డిగ్రీల కిందికీ పోతుంది. కోస్తా నుంచి వచ్చేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకుని వేళ్ళు కొంకర్లు పోయి బ్రేకు నొక్కలేక అవస్థ పడతారు. నిండు వేళ్ళ గ్లోవ్స్, చేతులకు తొడుగులు, ఛాతీ మీద గాలి ఆపే పల్చటి జాకెట్ చాలు. పది గంటలకల్లా ఇవన్నీ మడిచి జేబులో పెట్టుకోవాల్సిందే.

ఇంకో సంగతి: విశాఖలో జనవరిలో ఆరున్నరకు సూర్యుడు వస్తే ఇక్కడ ఏడు దాటాక గానీ రాడు. ఐదున్నరకు బయల్దేరితే గంటన్నర చీకట్లో తొక్కాలి. ముందు, వెనక లైట్లు తప్పనిసరి.

మార్చి నుంచి మధ్యాహ్నం దాటితే పడమటి గాలి పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీల దాకా పోతుంది. వానాకాలం గురించి కింద విడిగా చెప్పాం.

దారి చదునా, ఎత్తుపల్లాలా?

రెండూ ఉన్నాయి. ఏది ఎక్కడ ఉందో నేల చూసి చెప్పొచ్చు. గుట్టల వాలుల్లో మొరం నేల, నీరు నిలవదు, వైన్ ద్రాక్షకు సరిపోతుంది. కింద మైదానంలో లోతైన నల్లరేగడి. అక్కడ చెరకు, ఉల్లి, సోయా, మొక్కజొన్న. తినే ద్రాక్ష రెండు చోట్లా కనిపిస్తుంది, మైదానంలో దాన్ని ఎక్కువగా వేరే వేరుమూలం మీద అంటు కట్టి పెంచుతారు.

తినే ద్రాక్షా, వైన్ ద్రాక్షా అన్నది సైకిల్ మీద నుంచే పోల్చుకోవచ్చు. నెత్తిన పందిరి గానీ, ఇంగ్లీషు వై ఆకారంలో చేతులు చాచిన స్తంభాలు గానీ ఉంటే చాలావరకు తినేది. నిటారు వరుసల్లో తీగల మధ్య గోడలా పెంచి, గుత్తులన్నీ మోకాలి పైన ఒకే ఎత్తులో ఉంటే అది వైన్‌ది.

గుట్టల వైపు ఎక్కుళ్ళు పొట్టివి. ఎక్కువగా కిలోమీటరు లోపే, మూడు నుంచి ఐదు శాతం వాలు. కాళ్ళను అలిపించేది వాలు కాదు, అవి ఒకదాని వెంట ఒకటి రావడం. మైదానంలో ఎక్కుడు లేదు, దాక్కోవడానికి చెట్టూ లేదు. ఎదురుగాలి మొదలైతే గంటకు 28 కి.మీ. పోయే మనిషి 22కు పడిపోతాడు. కొత్తవాళ్ళు గుట్టలకు భయపడి మైదానం ఎంచుకుంటారు. మా లెక్కలో అది తలకిందులు ఎంపిక.

మొదటి రోజు ఏ దారి మంచిది?

గంగాపూర్ చుట్టు, సుమారు 45 కి.మీ. ఊళ్ళోంచి గంగాపూర్ రోడ్డు పట్టుకుని గోవర్ధన్ మీదుగా సావర్‌గావ్ వైపు. ఆ దారిలోనే సులా వైనరీ తోటలు, కొంచెం ముందుకు పోతే గంగావర్హే, గంగాపూర్ డ్యాం వెనక నీళ్ళు. తిరుగు దారిలో గిర్నారే మీదుగా మఖ్మలాబాద్ వైపు దిగి ఊళ్ళోకి రావచ్చు. గిర్నారే టమాటా మార్కెట్ ఊరు. సీజన్లో సెంటర్లో పికప్ వ్యాన్లు కిక్కిరిసి ఉంటాయి, ఆ అర కిలోమీటరు నెమ్మదిగా పోవాలి.

శని, ఆదివారాలు ఉదయం పది తర్వాత ఈ రోడ్డు వద్దు. ముంబై, పుణె కార్లన్నీ వైనరీలకే వస్తాయి. సాయంత్రం తిరిగి వెళ్ళే కార్లు ఇంకా ప్రమాదం, ఎందుకో చెప్పక్కర్లేదు.

దిండోరి వైపు?

మ్హస్రుల్, ఢకాంబే మీదుగా దిండోరి సుమారు 25 కి.మీ. వెళ్ళేటప్పుడు ఎడమ చేతి వైపు కాస్త దూరంగా రామ్‌శేజ్ కోట కొండ కనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు అదే రోడ్డు పట్టుకోకుండా మోహాడీ, జానోరీ మీదుగా ఓఝర్ పక్కకు వచ్చి చుట్టు పూర్తి చేస్తే సుమారు 65 కి.మీ. అవుతుంది. అసలు ద్రాక్ష ప్రాంతం ఇదే. మోహాడీలో సహ్యాద్రి ఫార్మ్స్ అనే రైతుల కంపెనీ ఉంది, ఎగుమతి ద్రాక్ష లారీలు అక్కడికే వస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆ ఊరి దారిలో మలుపుల దగ్గర వాటిని చూసుకోవాలి.

ఓఝర్ దగ్గర ముంబై–ఆగ్రా హైవే దాటాలి. హైవే మీద తొక్కుతూ ఊళ్ళోకి రావడం కన్నా కింది నుంచి దాటి సర్వీసు రోడ్డు, పల్లె దారులు పట్టుకోవడమే మేలు.

చదును దారి కావాలంటే?

నాసిక్ నుంచి ఛత్రపతి శంభాజీనగర్ (పాత పేరు ఔరంగాబాద్) రోడ్డు పట్టుకుని చాందోరీ దాకా, అక్కడ గోదావరి దగ్గర సాయ్‌ఖేడా వైపు దిగి, నాందూర్ మధ్మేశ్వర్, నిఫాడ్ చూసుకుని వెనక్కి. మొత్తం 85 నుంచి 90 కి.మీ. కడ్వా నది గోదావరిలో కలిసేచోట కట్టిన ఆనకట్ట వెనక పూడిక చేరి ఏర్పడ్డ చిత్తడి నేలే నాందూర్ మధ్మేశ్వర్. 2020లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, మహారాష్ట్రలో అదే మొదటిది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వలస బాతులు, కొంగలు ఉంటాయి. రోడ్ బైక్ బూట్లతో గట్టు మీద నడవలేరు, పెడల్‌కు పట్టేలా బూటు అడుగున ఉండే క్లీట్‌లో బురద ఇరుక్కుంటే తిరిగి పెడల్ పట్టదు. రబ్బరు తొడుగులు ఉంటే వేసుకోండి.

ఓపిక ఉన్నవాళ్ళు నిఫాడ్ నుంచి లాసల్‌గావ్ దాకా పోవచ్చు. 1947 నుంచి ఉన్న ఉల్లి మార్కెట్ అది, దేశంలో ఉల్లి ధర గురించి వార్త వస్తే అందులో ఈ ఊరి పేరు ఉంటుంది. కానీ వేలం రోజున పొద్దున పూట ఆ రోడ్డుకు పోతే ట్రాక్టర్ల వరసలో చిక్కుకుంటారు.

గోదావరి పుట్టిన చోటికి సైకిల్ మీద వెళ్ళొచ్చా?

హాయిగా. త్ర్యంబకేశ్వర్ నాసిక్ నుంచి సుమారు 28 కి.మీ., వెడల్పాటి రోడ్డు. 1,465 కి.మీ. పారి మన రాజమహేంద్రవరం దాటి సముద్రంలో కలిసే నది అక్కడ బ్రహ్మగిరి మీద పుడుతుంది. దారి పొడుగునా కంటికి తెలియనంత మెల్లటి ఎక్కుడు ఉంటుంది. వెళ్ళేటప్పుడు "ఇవ్వాళ కాళ్ళు ఆడట్లేదేంటి?" అనిపిస్తే కారణం అదే, వచ్చేటప్పుడు లెక్క సరిపోతుంది. సోమవారాలు, శ్రావణ మాసం, శివరాత్రి రోజుల్లో మాత్రం వద్దు.

గోదావరి పుష్కరాలకు, ఇక్కడి సింహస్థ కుంభమేళాకు లెక్క ఒక్కటే, బృహస్పతి సింహరాశిలోకి రావడం. అందుకే పుష్కరాలూ, కుంభమేళా ముఖ్య స్నానాలూ 2027లోనే. ఆ పనుల కోసం నాసిక్, త్ర్యంబక్ చుట్టూ రోడ్లు తవ్వుతున్నారు. పాత రూట్ ఫైలు డౌన్‌లోడ్ చేసుకుని గుడ్డిగా పోకుండా ముందు రోజు స్థానికంగా ఎవరినైనా కనుక్కోండి.

ఎలాంటి సైకిల్, ఏ గేర్లు?

మామూలు రోడ్ బైక్ చాలు. ముందు 50/34 పళ్ళ చక్రాలు, వెనక 11–32 ఉంటే గుట్టలన్నీ కూర్చునే ఎక్కొచ్చు. పేఠ్ రోడ్డులో సావల్ ఘాట్, ముంబై వైపు కసారా ఘాట్ కూడా చేయాలనుకుంటే వెనక 34 ఉండటం మంచిది. హైబ్రిడ్ సైకిల్‌తో కూడా నిక్షేపంగా తిరగొచ్చు, మైదానంలో గాలికి మాత్రం నిటారుగా కూర్చున్నందుకు మూల్యం చెల్లించాలి.

టైర్లు ఏ సైజు, గాలి ఎంత?

28 మి.మీ. కనీసం. ఫ్రేములో చోటుంటే 32. పల్లె రోడ్ల తారు అంచులు విరిగి ఉంటాయి, ట్రాక్టర్ వస్తే మొరం భుజం మీదికి దిగక తప్పదు. 23 మి.మీ. టైరుతో దిగారంటే రిమ్ముకు దెబ్బ.

70 కిలోల మనిషికి 28 మి.మీ. టైరులో వెనక 72, ముందు 67 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. 32 అయితే వెనక 58, ముందు 54. ప్రతి 5 కిలోల తేడాకు రెండు మూడు పీఎస్ఐ అటో ఇటో. 100 పీఎస్ఐ కొడితే వేగం పెరుగుతుందనేది పాత నమ్మకం. గరుకు తారు మీద టైరు ఎగిరెగిరి పడి వేగం తగ్గుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. ట్యూబు లేని టైర్లయితే 28కి 30 మి.లీ., 32కి 40 మి.లీ. సీలెంట్ (రంధ్రాలు పూడ్చే ద్రవం) పోయండి. ఇక్కడి పొడి గాలికి అది త్వరగా ఎండుతుంది, ప్రయాణానికి ముందు కొత్తగా నింపుకోండి.

పంక్చర్లు ఎక్కువంటారు, ఎందుకు?

మూడు కారణాలు. ఒకటి తుమ్మ ముళ్ళు. పొలం గట్ల కంచెకు నరికి వేసిన కొమ్మలు రోడ్డు మీదికి జారతాయి. రెండోది తోటల తీగ. పందిళ్ళకు, వరుసలకు కట్టే జీఐ తీగను బిగించాక కత్తిరించిన ముక్కలు, గోరంత పొడుగున్నవి, ట్రాక్టర్ టైర్లకు అంటుకుని రోడ్డెక్కుతాయి. కొత్త తోట వేసిన చోట, గేటు ఎదురుగా ఉన్న పది మీటర్లలో ఇవి ఎక్కువ. మూడోది కత్తిరింపు సీజన్లో రోడ్డు పక్కన పోసిన పుల్లల కుప్పలు. ఏప్రిల్, అక్టోబరుల్లో రోడ్డు అంచున కాకుండా ఎడమ చక్రపు జాడలో తొక్కండి, అక్కడ బండ్ల టైర్లు ఊడ్చిపెట్టి ఉంటాయి.

బాగు చేసేటప్పుడు జరిగే పొరపాటు ఒక్కటే: ట్యూబు మార్చి, ముల్లు టైరులోనే వదిలేయడం. కొత్త ట్యూబు కిలోమీటరు కూడా రాదు. దానికో పద్ధతి ఉంది. టైరు మీద కంపెనీ పేరు ఎప్పుడూ వాల్వు దగ్గరే ఉండేలా ఎక్కించండి. ట్యూబు తీసి గాలి కొట్టి రంధ్రం కనిపెట్టాక, వాల్వు నుంచి అది ఎంత దూరంలో ఉందో టైరు మీద అంతే దూరం కొలిస్తే ముల్లు అక్కడే దొరుకుతుంది. టైరు లోపల వేలితో తడమకండి, తీగ ముక్క వేలు కోస్తుంది. చిన్న గుడ్డముక్క తిప్పితే ముల్లు ఉన్నచోట తట్టుకుంటుంది. తుమ్మ ముల్లు బయటి నుంచి లాగితే మొన విరిగి లోపలే ఉండిపోతుంది, కాబట్టి లోపలి నుంచి బయటికి నెట్టండి. ప్యాచ్ వేసేటప్పుడు సొల్యూషన్ మెరుపు పోయేదాకా, మూడు నాలుగు నిమిషాలు ఆగాలి. తడి మీదే అతికిస్తే ఎండకి లేచిపోతుంది.

రెండు ట్యూబులు, ప్యాచ్ కిట్టు, టైరు ఊడదీసే లీవర్లు రెండు, చేతి పంపు మోయండి. ఊళ్ళలో పంక్చర్ షాపులు చాలా ఉన్నాయి గానీ వాళ్ళ కంప్రెసర్ ముక్కు మీ సన్నటి ప్రెస్టా వాల్వుకు పట్టదు. ఇత్తడి అడాప్టర్ ఒకటి కొనుక్కోండి, గోలీ అంత ఉంటుంది, సీటు కింద తగిలించే జీన్ సంచిలో పడుంటుంది. టైరు పక్కగోడ చిరిగితే మడిచిన నోటు లోపల పెట్టి, గాలి పది పీఎస్ఐ తగ్గించి ఊళ్ళోకి చేరండి.

తోటల్లో మందు కొడుతుంటే దాటిపోవచ్చా?

ఆగడమే నయం. అక్టోబరు కత్తిరింపు నుంచి కోతకు ముందు దాకా బూజు తెగుళ్ళకు తరచుగా మందు కొడతారు. ట్రాక్టర్ వెనక ట్యాంకు, దానికి పెద్ద ఫ్యాన్ ఉన్న బ్లోయర్లతో కొడితే తెల్లటి తుంపర పందిరి పైకి లేచి రోడ్డు దాటుతుంది. పొద్దున గాలి తక్కువున్న వేళే వాళ్ళకు అనుకూలం, మీకూ అదే వేళ. ఎక్కుడు ఎక్కుతున్నప్పుడు నిమిషానికి పీల్చే గాలి మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి "రెండు సెకన్లేగా" అని దూసుకుపోవద్దు. గాలి ఎటు వీస్తుందో చూసి, తుంపర రాని వైపు ఆగండి. ట్రాక్టర్ వరుస చివర తిరిగేటప్పుడు డ్రైవర్లు చాలామంది ఫ్యాన్ ఆపుతారు, ఆ సందులో దాటండి. తుంపర పడితే సీసా మూతి, ముఖం, చేతులు కడుక్కున్నాకే తినడం, తాగడం.

ఇంకోటి చాలామందికి తెలియదు. అక్టోబరు కత్తిరింపు అయిన ఒకటి రెండు రోజుల్లో, మొగ్గలు అన్నీ ఒకేసారి పగలడానికి కొమ్మలకు హైడ్రోజన్ సైనమైడ్ పూస్తారు. ఎంతవరకు పూశారో తెలియడానికి రంగు కలుపుతారు, మోడు కొమ్మలు గులాబీ ఎరుపులో కనిపిస్తే అదే. ఫొటో కోసం వాటిని పట్టుకోకండి. చర్మానికి తగిలితే మంట, పుండు. పైగా అది ఒంట్లోకి పోయాక మద్యం తాగితే ముఖం కందిపోయి, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది, కొన్ని రోజుల తర్వాత తాగినా సరే. వైన్ తాగడానికి వచ్చిన ఊళ్ళో ఇది తెలుసుకుని ఉండటం అవసరం.

దారిలో రెండు ద్రాక్షపళ్ళు కోసుకుంటే తప్పేంటి?

మొదట అది దొంగతనం. రెండోది, మందు కొట్టాక కోతకు ఇన్ని రోజులు ఆగాలని ఒక గడువు ఉంటుంది, ఆ తోటలో అది తీరిందో లేదో మీకు తెలియదు. మూడోది, వైన్ ద్రాక్ష గింజలతో, మందపు తోలుతో ఉంటుంది, తినడానికి అంత బాగోదు కూడా. కోత రోజుల్లో రోడ్డు పక్కనే కిలోల్లెక్కన అమ్ముతారు, కొనుక్కుని కడుక్కు తినండి. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు పండిన అనాబ్-ఎ-షాహి కోసం వెతక్కండి, ఇక్కడ రాజ్యమంతా థామ్సన్ సీడ్‌లెస్‌ది, దాని తమ్ముళ్ళది.

వైనరీలో రుచి చూసి మళ్ళీ తొక్కొచ్చా?

లెక్క వేసి చూద్దాం. టేస్టింగ్‌లో ఒక్కో వైన్ 30 మి.లీ. చొప్పున ఐదు రకాలు పోశారనుకుందాం, మొత్తం 150 మి.లీ. పన్నెండు పదమూడు శాతం వైన్‌లో అది సుమారు 14, 15 గ్రాముల ఆల్కహాల్. ఒంట్లోంచి గంటకు ఏడు గ్రాములకు అటూ ఇటూగా పోతుంది. అంటే రెండు గంటలు. పైగా 50 కి.మీ. తొక్కి, ఒంట్లో నీరు తగ్గి, ఖాళీ కడుపుతో ఉన్నవాడికి మామూలు కన్నా త్వరగా ఎక్కుతుంది. కాబట్టి తొక్కడం పూర్తయ్యాక వైన్, తొక్కే మధ్యలో కాదు. సైకిల్ రూములో పెట్టి, స్నానం చేసి, క్యాబ్‌లో వెళ్ళండి. లేదా రుచి చూసి ఉమ్మేయండి, దానికి పాత్ర పెడతారు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఏం తాగాలో అడిగితే, ఇక్కడి తెల్లవాటిలో షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్, ఎర్రవాటిలో షిరాజ్. సీసా సైకిల్ మీద మోయకండి. నిండు సీసా కిలోంపావు పైనే ఉంటుంది, నీళ్ళ సీసా పంజరంలో నిలవదు, ఎండకు వైన్ పాడవుతుంది.

సాపుతారా దాకా వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, దిండోరి, వణీ మీదుగా మంచి దారి. సాపుతారా గుజరాత్‌లో ఉంది, అక్కడ మద్యనిషేధం. సంచిలో వైన్ సీసా ఉంచుకుని సరిహద్దు దాటవద్దు. పేఠ్ మీదుగా ధరంపూర్ వైపు దిగేవాళ్ళకూ ఇదే మాట.

ట్రాక్టర్లతో ఎలా నెగ్గుకురావాలి?

చెరకు నరికే రోజుల్లో ఒక ఇంజనుకు రెండు ట్రాలీలు తగిలిస్తారు. వెనక ట్రాలీ మలుపులో లోపలికి కోసుకుంటుంది, సరళ రేఖలో కూడా పాములా ఊగుతుంది. ఎడమ వైపు నుంచి ఎప్పుడూ దాటకండి. డ్రైవర్‌కు పాటల హోరులో మీ బెల్లు వినిపించదు, అద్దాన్ని గడ్డల బస్తా కప్పేసి ఉంటుంది. వెనక నీడలో తొక్కితే గాలి తగలక హాయిగానే ఉంటుంది, కానీ ఎదుట గుంత కనిపించదు, పైనుంచి చెరకు గడ జారి చక్రంలో పడితే అంతే. పదిహేను మీటర్లు వెనక ఉండి, ఎదురుగా రోడ్డు ఖాళీగా కనిపించాక కుడి నుంచి దాటండి. చీకటి పడ్డాక ట్రాలీలకు వెనక లైట్లుండవు, సాయంత్రం ఆరున్నరకల్లా ఊళ్ళో ఉండేలా చూసుకోండి.

సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే ఖాళీగా, నున్నగా కనిపించి ఊరిస్తుంది. దాని మీద సైకిళ్ళకు ప్రవేశం లేదు.

తిండి, నీళ్ళు?

గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్ళు, గంటన్నర దాటితే గంటకు 40 గ్రాముల దాకా పిండిపదార్థం. చలికాలం పొద్దున దాహం వేయదు, అక్కడే దెబ్బ తింటారు. పదకొండింటికి ఎండెక్కాక తాగడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యం. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళలో, అరలో కాదు.

దారి హోటళ్ళలో పొద్దున పోహా, సాబుదానా వడ దొరుకుతాయి. పోహా మంచిది, తేలిగ్గా అరుగుతుంది. నాసిక్‌కు పేరు మిసల్ పావ్ వల్ల కూడా, కానీ ఆ కారం రసం తాగి వెంటనే తొక్కితే కడుపులో మంట ఖాయం. అది చివరి ఊళ్ళో, రైడ్ అయ్యాక. జేబులో ఎండుద్రాక్ష, పల్లీ చిక్కి, అరటిపండు ఉంటే జెల్‌లు కొనక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాల నుంచి సైకిల్‌తో ఎలా రావాలి?

సికింద్రాబాద్ నుంచి ముంబై వెళ్ళే దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాసిక్ రోడ్‌లో ఆగుతుంది. అక్కడి నుంచి ఊరు తొమ్మిది పది కిలోమీటర్లు. షిర్డీ రైలెక్కి, అక్కడి నుంచి సిన్నార్ మీదుగా సుమారు 90 కి.మీ. తొక్కుకుంటూ రావడం ఇంకో దారి, మొదటి రోజు రైడ్ అదే అయిపోతుంది.

సైకిల్‌ను పార్సిల్ ఆఫీసులో టికెట్ చూపించి లగేజీగా బుక్ చేయొచ్చు. చిక్కేమిటంటే మీ రైల్లోనే ఎక్కిస్తారన్న హామీ లేదు, మధ్య స్టేషన్లో రైలు ఆగేది కొద్ది నిమిషాలే కాబట్టి దింపకుండా ముందుకు పోయే ప్రమాదమూ ఉంది. బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందే వెళ్ళండి, పేరు, ఫోను నంబరు, దిగే స్టేషన్ రెండు చోట్ల రాసి కట్టండి. రైలు ఆగగానే బ్రేక్ వ్యాన్ దగ్గరికి మీరే పరుగెత్తండి.

రెండు చక్రాలూ విప్పి సంచిలో పెట్టుకుని బోగీలోకి తేవడం మాకు నచ్చిన పద్ధతి. గేర్లు మార్చే వెనక డీరైలర్ విప్పి, గుడ్డ చుట్టి, ఫ్రేము లోపలికి కట్టండి. ముందు ఫోర్కు కాళ్ళ మధ్య కర్రముక్క గానీ ప్లాస్టిక్ స్పేసర్ గానీ పెట్టండి. డిస్క్ బ్రేకులైతే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క దూర్చాలి. లేకపోతే సంచిలో బ్రేకు లీవర్ నొక్కుకుని ప్యాడ్లు అతుక్కుంటాయి, దిగాక చక్రం ఎక్కదు.

వానాకాలంలో రావొచ్చా?

పచ్చదనం కోసం ఘాట్ల వైపు వచ్చేవాళ్ళున్నారు. ఇగత్‌పురిలో ఏడాదికి 3,000 మి.మీ. పైన వాన పడుతుంది. నిఫాడ్ వైపు అందులో చిన్న భాగమే, కానీ అసలు ఇబ్బంది అక్కడి నల్లరేగడి బురదతో. ట్రాక్టర్ టైర్ల నుంచి ఊడిపడ్డ ముద్దలు తారు మీద పరుచుకుంటాయి. తడిగా ఉంటే జారుతుంది, సగం ఆరితే టైరుకు చుట్టుకుని ఫోర్కులో, బ్రేకు కాలిపర్‌లో ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది. పూర్తిగా ఆరితే సిమెంటు. రిమ్ బ్రేకుల సైకిల్‌తో ఆ రోడ్ల మీదికి వెళ్ళకండి.

ఇరుక్కుంటే బలవంతంగా తొక్కకండి, వెనక డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. దిగి పుల్లతో గీకి, సీసా నీళ్ళు కొంచెం పోసి, చక్రం చేత్తో తిప్పి చూశాక ఎక్కండి. ఇంటికి రాగానే, ఆరకముందే కడగాలి. కార్ల వాషింగ్ సెంటర్ ప్రెషర్ గన్ను హబ్బు, పెడళ్ళ ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ మీద పెడితే బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోతుంది. బకెట్టు, స్పాంజి, పాత పళ్ళ బ్రష్ చాలు. చెయిన్ తుడిచి, ఆరాక నూనె వేసి, పదినిమిషాలాగి పైపైన ఉన్నది మళ్ళీ తుడిచేయండి. ఎండాకాలం దుమ్ములో అయితే మైనం రకం మేలు, నూనెకు దుమ్ము అంటుకుని రుబ్బుడు పిండవుతుంది.

సామాను విరిగితే దొరుకుతుందా?

నాసిక్‌లో సైక్లింగ్ వాతావరణం గట్టిది. డాక్టర్లయిన హితేంద్ర, మహేంద్ర మహాజన్ సోదరులు 2015లో అమెరికాను ఆ చివర నుంచి ఈ చివరకు దాటే సైకిల్ పందెం రేస్ అక్రాస్ అమెరికాను ఇద్దరి జట్టుగా పూర్తి చేసింది ఈ ఊరి నుంచి వెళ్ళే. ట్యూబులు, చెయిన్లు, మామూలు కేబుళ్ళు షాపుల్లో ఉంటాయి. మీ ఫ్రేముకు సరిపడే హ్యాంగర్ మాత్రం ఏ ఊళ్ళోనూ దొరకదు. వందలకొద్దీ ఆకారాలున్నాయి దానికి. ఇంటి దగ్గరే ఒకటి కొని జీన్ సంచిలో పడేయండి. చెయిన్ తెగితే అతికించే క్విక్ లింక్ కూడా, మీ గేర్ల సంఖ్యకు సరిపోయేది.

మరాఠీ రాకపోతే?

హిందీతో గడిచిపోతుంది. పల్లెలో పెద్దాయన్ని "కాకా" అని, తోటివాణ్ణి "దాదా" అని పిలిస్తే చాలు, దారి చెప్పడమే కాదు, నీళ్ళు కూడా తెచ్చిస్తారు. ఊళ్ళ పేర్ల బోర్డులు మరాఠీలో ఉంటాయి, దేవనాగరి చదవలేకపోతే వెళ్ళే ఊళ్ళ పేర్లు ఆ లిపిలో రాయించుకుని ఫోనులో ఉంచుకోండి.

కుక్కలు?

పొలాల మధ్య విడి ఇళ్ళ దగ్గర కాపలా కుక్కలుంటాయి, తెల్లవారుజామున ఎక్కువ హుషారు. వేగం పెంచితే వెంటపడతాయి. దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య ఉంచుకుని, గట్టిగా అదిలిస్తూ నడిచి ఆ ఇంటి హద్దు దాటండి. కరిస్తే సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు సూది వేయించుకోండి. తాలూకా ఊళ్ళయిన దిండోరి, నిఫాడ్‌లలో ప్రభుత్వాసుపత్రులున్నాయి.